అడవిలో దొరికిన యుద్ధ ఓడ: బెరౌ కథ

ఈ రోజు ఒక ఆవిరి ఓడ గురించి మాట్లాడుకుందాం. దాని పేరు బెరౌ. సముద్రంలో తిరగాల్సిన ఈ ఓడ చివరికి ఎక్కడ దొరికిందో తెలుసా? సుమత్రా దీవిలో, తీరానికి దాదాపు 3 కిలోమీటర్ల లోపల, అడవిలో!

ముందు బ్యాక్‌గ్రౌండ్ చూద్దాం. ఇప్పటి ఇండోనేషియా అప్పట్లో డచ్చివాళ్ళ పాలనలో ఉండేది. వేల దీవులున్న దేశాన్ని ఏలాలంటే రోడ్లు సరిపోవు కదా, ఓడలు కావాలి. తెరచాప ఓడ గాలి కోసం ఎదురుచూడాలి. ఆవిరి ఓడకి బొగ్గుంటే చాలు. అందుకే వలస ప్రభుత్వం సొంతంగా ఒక చిన్న నౌకాదళం నడిపేది. సముద్రపు దొంగల మీద నిఘా, అధికారుల ప్రయాణాలు, లైట్‌హౌస్‌ల పనులు, అన్నీ దానివే. పక్కల చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళే గన్‌బోట్ బెరౌ కూడా అందులోదే. బోర్నియోలో బెరౌ అనే ప్రాంతం ఉంది. డచ్ భాషలో అదే మాటకి పశ్చాత్తాపం అని అర్థం. విచిత్రం కదా!

ఇక 1883 ఆగస్టు 26, ఆదివారం. సుందా జలసంధిలోని క్రకటోవా అగ్నిపర్వతం పెద్ద ఎత్తున పేలడం మొదలైంది. అప్పుడు బెరౌ సుమత్రా దక్షిణ తీరంలో, తెలుక్ బెటుంగ్ రేవులో లంగరేసి ఉంది. ఆ సాయంత్రం అక్కడికే ఇంకో స్టీమర్ వచ్చింది. పేరు లౌడన్, కెప్టెన్ లిండెమన్. దాని మీద వందమందికి పైగా ప్రయాణికులున్నారు, ఎక్కువమంది కూలీలే. వాన్ సాండిక్ అనే డచ్ ఇంజనీర్ కూడా ఉన్నాడు. మన బ్యాచే అన్నమాట! ఆయన తర్వాత చూసింది చూసినట్టు రాశాడు కాబట్టే మనకి ఇంత వివరంగా తెలుసు.

27 ఉదయం ఏడింటి ప్రాంతంలో ఒక పెద్ద అల వచ్చింది. లిండెమన్ ఓడ ముందు భాగాన్ని నేరుగా అలకి ఎదురు పెట్టాడు. లౌడన్ అమాంతం పైకి లేచి, మళ్ళీ కిందకి దిగింది. బతికింది! వెనక్కి తిరిగి చూస్తే ఊరు లేదు, బెరౌ ఒడ్డుమీదికి వెళ్ళిపోయింది. ఉదయం 10 గంటల 2 నిమిషాలకి అన్నిటికంటే పెద్ద పేలుడు. ఆ శబ్దం 4,800 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవిలో కూడా వినిపించింది. ఆ తర్వాతి అలలు బెరౌని కురిపాన్ నది లోయ వెంట ఇంకా లోపలికి ఈడ్చుకెళ్ళి పడేశాయి. అందులోని 28 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

రెండూ ఆవిరి ఓడలే, ఒకే అఖాతం, ఒకే అల. మరి తేడా ఎక్కడ? సునామీ లోతు నీళ్ళలో వేగంగా వెళ్తుంది, ఎత్తు మాత్రం తక్కువ. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి వేగం తగ్గి, నీళ్ళన్నీ గోడలా లేస్తాయి. లౌడన్ ఒడ్డుకి దూరంగా ఉంది, తిరగడానికి చోటు ఉంది, ఇంజిన్ బలంతో అలని ఎదుర్కొంది. బెరౌ ఒడ్డుకి దగ్గర్లో లంగరేసి ఉంది. మామూలు తుఫానుకి రేవే రక్ష. ఆ రోజు మాత్రం రేవే ఉచ్చు అయింది.

అధికారిక లెక్క ప్రకారం ఆ విపత్తులో 36,417 మంది పోయారు. ఎక్కువమందిని చంపింది లావా కాదు, నీళ్ళు. చెట్ల మధ్య ఇరుక్కున్న బెరౌ బొమ్మ లోకమంతా తిరిగింది. ఈ రోజుల్లో అయితే వైరల్ అనేవాళ్ళం. కానీ ఆ బొమ్మ చూసి ఓడ ఎంత దూరం వెళ్ళిందో అనుకుంటాం తప్ప, లోపలున్న 28 మంది గుర్తుకు రారు. తీరపు పల్లెల వాళ్ళైతే అసలే రారు.

ఇది పాత కథే అని వదిలేయకండి. 2018 డిసెంబర్ 22 రాత్రి, క్రకటోవా చోటే పుట్టిన కొత్త పర్వతం పక్క భాగం కూలి సముద్రంలో పడింది. ముందు పెద్ద భూకంపం రాలేదు, అందుకే హెచ్చరికా రాలేదు. అదే జలసంధి తీరాల్లో 400 మందికి పైగా చనిపోయారు.

2004 డిసెంబర్ 26న మన కోస్తాకీ సునామీ వచ్చింది. కాబట్టి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, వింతగా పొంగినా, ఫోన్‌లో అలర్ట్ కోసం చూడొద్దు, వీడియో తీయొద్దు. మెట్టకి పరుగెత్తండి, నది పక్కదారి మాత్రం పట్టొద్దు. బెరౌని 3 కిలోమీటర్లు లోపలికి తీసుకెళ్ళింది నది దారే.

మీ తీరపు ఊళ్ళలో పెద్దవాళ్ళు చెప్పిన ఉప్పెన కథలుంటే కామెంట్లలో రాయండి. మళ్ళీ కలుద్దాం!