వాహన ఫ్రిజ్

వాహన ఫ్రిజ్ అనగా కారు, లారీ వంటి వాహనాల 12 లేదా 24 వోల్టుల బ్యాటరీతో పనిచేసే, వెంట తీసుకుపోగల చిన్న ఫ్రిజ్. ఇందులో కంప్రెసర్ రకము, పెల్టియర్ రకము ముఖ్యమైనవి. ఫ్రెంచి శాస్త్రవేత్త పెల్టియర్ 1834లో కనుగొన్న సూత్రముపై పనిచేసే రెండవ రకం, లోపలి ఉష్ణోగ్రతను బయటి దానికంటే సుమారు 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. కనుక 40 డిగ్రీల ఎండలో అది కొత్తదైనా పాలను నిలువ ఉంచడానికి చాలదు.

కొత్తదా, పాతదా?

వాడిన కంప్రెసర్ ఫ్రిజ్‌ను కొనుటకు ముందు బ్యాటరీపై కొన్ని గంటలు నడిపి, లోపల థర్మామీటరు ఉంచి పరీక్షించవలెను. తగినంత చల్లబడనిచో శీతలీకరణ వాయువు కారిపోయి ఉండవచ్చును. మూత రబ్బరు, తీగలు కూడా చూడవలెను. కూరగాయలు, పానీయాలకు పాతది సరిపోవచ్చును. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2–8 డిగ్రీల మధ్య ఉంచవలెను. గడ్డకడితే అది పనికిరాదు. అట్టి మందులకు ఉష్ణోగ్రతను కచ్చితంగా నియంత్రించే, వారంటీ గల కొత్తదే శ్రేయస్కరం.