ఉమ్మడి వంటశాలలో ఆహార వ్యాపారం: లైసెన్సు ఎవరి పేరిట?

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో కొన్న కందిపప్పు, ఎండుమిర్చి, నువ్వులు అన్నీ ఇంటి వాడకానికే పోవు. పచ్చళ్లు, పొడులు, జంతికలు, అరిసెలు తయారుచేసి విక్రయించే గృహిణుల చేతిలో, స్వయం సహాయక సంఘాల చేతిలో వాటిలో కొంత వ్యాపార సరుకుగా మారుతుంది. స్వగృహ తినుబండారాలకు తెలుగునాట ఆదరణ ఎన్నడూ తగ్గలేదు. అయితే ఇంటి వంటగది చాలనివారు, సొంతంగా షెడ్డు కట్టుకొనే స్తోమత లేనివారు పొయ్యిలు, గ్రైండర్లు, ప్యాకింగు యంత్రాలు గల ఉమ్మడి వంటశాలను గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం ఒక మార్గం. 2020 జూన్ 29న కేంద్రం ప్రారంభించిన సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకం సైతం వ్యక్తిగత యూనిట్లకు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రుణ అనుసంధాన సబ్సిడీతోపాటు, ఇటువంటి ఉమ్మడి వసతులకు కూడా సహాయాన్ని నిర్దేశించింది.

ఇక్కడే ఒక పొరపాటుకు అవకాశమున్నది. వంటశాల గోడకు లైసెన్సు వేలాడుతున్నది గనుక అందులో వండేవారందరికీ అదే వర్తిస్తుందని భావించరాదు. ఆ లైసెన్సు వంటశాల నిర్వాహకునిది. అదే పొయ్యి మీద వండినప్పటికీ, తన పేరిట, తన లేబులుతో సరుకు అమ్మే వ్యక్తి వేరొక ఆహార వ్యాపారి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 31వ సెక్షను ప్రకారం లైసెన్సు గాని, చిన్న వ్యాపారులైతే రిజిస్ట్రేషను గాని లేనిదే ఎవరూ ఆహార వ్యాపారం చేయరాదు. నిర్వాహకుడే సరుకు తయారుచేసి, వేరొకరు తమ బ్రాండుతో అమ్మే పక్షంలోనూ ఆ అమ్మేవారు తమ వంతు అనుమతి పొందవలసినదే.

రిజిస్ట్రేషనా, లైసెన్సా అన్నది వ్యాపార పరిమాణాన్ని బట్టి తేలుతుంది. 2011 ఆగస్టు 5న అమలులోకి వచ్చిన నిబంధనలు ఏటా 12 లక్షల రూపాయల టర్నోవరును రిజిస్ట్రేషనుకు పరిమితిగా పెట్టి, ఏడాదికి 100 రూపాయల రుసుము నిర్ణయించాయి. ఈ పరిమితులు, రుసుములు సవరణలకు లోబడినవి గనుక దరఖాస్తు నాటికి అమలులో ఉన్న వాటిని చూచుకొనడం మంచిది. దరఖాస్తును 2020లో వచ్చిన ఫోస్కోస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. మంజూరైనపుడు 14 అంకెల నంబరు లభిస్తుంది.

రిజిస్ట్రేషనుకు కావలసిన పత్రాలు స్వల్పం. తయారీ లైసెన్సుకు మాత్రం వంటశాల నమూనా పటం, యంత్రాల జాబితా, నీటి పరీక్ష నివేదిక, ఆహార భద్రతా ప్రణాళిక, స్థలంపై హక్కును చూపే పత్రం వంటివి 2011 నిబంధనలలో పేర్కొనబడ్డాయి. వీటిలో ఉమ్మడి వంటశాల వినియోగదారుకు చిక్కు తెచ్చేది చివరిదే. సొంత ఇంటివారు కరెంటు బిల్లు చూపుతారు, అద్దెవారు అద్దె ఒప్పందం చూపుతారు. గంటల లెక్కన వాడుకొనేవారి చేతిలో తరచుగా ఉండేది నోటిమాట, రసీదు మాత్రమే. కావున నిర్వాహకునితో వ్రాతపూర్వక ఒప్పందం చేసుకొనడం మొదటి పని. ఏ రోజులు, ఏ వేళలు, ఏ బల్ల, ఏ అలమర తమవో, వాడుక తరువాత కడిగే బాధ్యత ఎవరిదో, నీటి పరీక్ష, పురుగుల నివారణ రికార్డులు ఎవరి వద్ద ఉంటాయో అందులో స్పష్టపరచుకోవాలి. మహా విశాఖ నగరపాలక సంస్థ నుండి పొందవలసిన ట్రేడ్ లైసెన్సు వేరు. వంటశాలకు అది ఉన్నదీ లేనిదీ ముందే అడిగి తెలుసుకొనవలెను.

పరిశుభ్రత ప్రమాణాలు నిబంధనల 4వ షెడ్యూలులో ఉన్నాయి. పనిచేసేవారికి ఏటా వైద్య పరీక్ష, పచ్చి సరుకు, వండిన సరుకు వేర్వేరుగా నిల్వ, ముందు వచ్చిన సరుకును ముందు వాడడం వంటివి అందరికీ తెలిసినవే. ఉమ్మడి వంటశాలలో ప్రత్యేకంగా గమనించవలసినది గ్రైండరు. తీరప్రాంతమైన విశాఖలో ఎండు రొయ్యల పొడికి గిరాకీ ఎక్కువ. ఉదయం ఒకరు రొయ్యల పొడి పట్టిన యంత్రంలోనే మధ్యాహ్నం మరొకరు కందిపొడి పడితే, ఆకుపచ్చ చుక్క గల పొట్లంలోకి మాంసాహారం చేరుతుంది. రొయ్యలు, వేరుశనగ పడనివారికి ఇది ప్రాణాపాయం కూడా కాగలదు. 2020 లేబులింగు నిబంధనలు ఇటువంటి పదార్థాలను పొట్లంపై ప్రకటించాలని కోరుతున్నాయి. శాకాహారానికి వేరు యంత్రం కేటాయించిన వంటశాలను ఎంచుకొనడం ఉత్తమం. అది లేనిచోట ఎవరు, ఎప్పుడు, ఏమి పట్టారో, ఎవరు కడిగారో తెలిపే పుస్తకమొకటి యంత్రం పక్కనే ఉండాలి. చిన్న పుస్తకమే, కాని తనిఖీ నాడు అదే సాక్ష్యం.

ముడిసరుకు కొన్నపుడు బిల్లు అడగడం అలవాటు చేసుకోవాలి. 2022 జనవరి నుండి ఆహార వ్యాపారులు ఇచ్చే బిల్లులపై వారి 14 అంకెల నంబరు ముద్రించడం తప్పనిసరి చేయబడినది. కారంలో రంగు కలిసినదని నమూనా పరీక్షలో తేలితే, అంగడి బిల్లు లేని తయారీదారు సరుకు మూలాన్ని చూపలేడు.

దరఖాస్తు చేసిన 2 నెలలలోగా లైసెన్సు మంజూరు గాని, తిరస్కరణ గాని జరగనపుడు వ్యాపారం ప్రారంభించుకొనే వీలు చట్టంలో ఉన్నది. తిరస్కరించినచో ఆహార భద్రతా కమిషనరుకు అప్పీలు చేసుకొనవచ్చును. ప్రమాణాలు లోపించినపుడు 32వ సెక్షను కింద నోటీసు ఇచ్చి, సరిదిద్దుకొనుటకు కనీసం 14 రోజుల గడువు ఇస్తారు. గడువులోగా సరిచేయకుంటే లైసెన్సు సస్పెండు కావచ్చును. నోటీసు వంటశాల నిర్వాహకునికే అందినా, పొయ్యి ఆగితే సరుకు ఆగేది అందులో వండేవారందరిదీ. అందుచేత నోటీసు వచ్చిన వెంటనే వినియోగదారులందరికీ తెలియజేయాలన్న షరతును కూడా ఒప్పందంలో వ్రాయించుకొనవలెను.