పాత చీరకి జాతీయ అవార్డు: బి. నర్సింగరావు సినిమాల కథ

ఈ రోజు ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. బెస్ట్ కాస్ట్యూమ్స్ అవార్డు అనగానే మీకేం గుర్తొస్తుంది? రాజులు, పట్టుబట్టలు, నగలు... అంతే కదా? కానీ 1988 సినిమాలకి ఇచ్చిన జాతీయ అవార్డుల్లో ఆ అవార్డు ఒక తెలుగు సినిమాకి వచ్చింది. అందులో హీరోయిన్ కట్టేది గడీలో ఊడిగం చేసే మనిషి చీర. ఆ సినిమా పేరు ‘దాసి’. తీసింది బి. నర్సింగరావు గారు.

ఎవరీయన? గజ్వేల్ దగ్గర ప్రజ్ఞాపూర్‌లో 1946లో పుట్టారు. బొమ్మలేస్తారు, ఫోటోలు తీస్తారు, కవిత్వం రాస్తారు, సంగీతం కూడా చేస్తారు. సినిమాల్లోకి ముందు నిర్మాతగా వచ్చారు. 1979లో తీసిన ‘మా భూమి’ నిర్మాతల్లో ఆయన ఒకరు. దర్శకుడు బెంగాలీ అయిన గౌతమ్ ఘోష్, ఆయనకి అదే మొదటి ఫీచర్ సినిమా. కథ తెలంగాణ సాయుధ పోరాటం. తెర మీద గద్దర్ గొంగడి వేసుకుని పాడే పాట మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు.

తర్వాత 1983లో ‘రంగుల కల’. ఈసారి దర్శకత్వం ఆయనదే, ప్రధాన పాత్ర కూడా ఆయనే వేశారు. నేను వేసే బొమ్మలు అసలు ఎవరి కోసం అని తనని తాను అడుగుకునే ఒక చిత్రకారుడి కథ అది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది.

ఇప్పుడు ‘దాసి’ దగ్గరికి వద్దాం. నిజాం కాలంలో దొరల ఇళ్లల్లో పెళ్లి జరిగితే, పెళ్లికూతురి వెంట సామానుతో పాటు ఆడపిల్లల్ని కూడా పంపేవాళ్లు. వాళ్లని ఆడబాపలు అనేవాళ్లు. పగలంతా చాకిరీ. రాత్రి దొర పిలిస్తే పోవాలి, చుట్టాలొస్తే వాళ్ల దగ్గరికీ పోవాలి. కాదనే హక్కు లేదు. కమలాక్షి అలాంటి ఒక అమ్మాయి. ఆమెకి కడుపొస్తే, ఆ బిడ్డని ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా ఆమె చేతిలో ఉండదు.

ఈ కథలో పెద్ద పెద్ద డైలాగులు పెట్టొచ్చు, చివర్లో తిరుగుబాటు పెట్టి చప్పట్లు కొట్టించొచ్చు. ఆయన అవేం చేయలేదు. మాటలు తక్కువ. మరి చరిత్ర ఎలా చెప్పారు? అవార్డుల లిస్టు చూడండి, అర్థమైపోతుంది. మొత్తం 5. ఉత్తమ తెలుగు చిత్రం ఒకటి. ఉత్తమ నటి అర్చన, అంతకుముందు ఏడాది తమిళ ‘వీడు’కి కూడా ఆమెకే వచ్చింది. కెమెరాకి ఎ.కె. బీర్. కళా దర్శకత్వానికి తోట వైకుంఠం, తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలకి పేరున్న చిత్రకారుడు. బట్టలకి సుదర్శన్.

గమనించారా? ముఖం, వెలుతురు, గది, బట్ట. కమలాక్షి లాంటి వాళ్లు డైరీలు రాసుకోలేదు, ఉత్తరాలు రాయలేదు. గడీ గోడలు మాత్రం చాలా ఊళ్లల్లో ఇంకా కనిపిస్తాయి, వాటి లోపల బతికిన ఆడవాళ్ల పేర్లు మాత్రం దొరకవు. అందుకే ఆ గదిని, ఆ చీరని సరిగ్గా చూపించడం ఇక్కడ అలంకారం కాదు. వాళ్ల తరఫున మిగిలిన సాక్ష్యం అదే.

1990లో ‘మట్టి మనుషులు’. మళ్లీ అర్చనే. ఊరొదిలి సిటీకి వచ్చి బిల్డింగులు కట్టే కూలీల కథ. దీనికీ ఉత్తమ తెలుగు చిత్రం అవార్డు. దర్శకుడిగా ఆయన తీసిన ఫీచర్ సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్టార్లు లేరు, ఫైట్లు లేవు, అవార్డులొచ్చినా మన ఇళ్లల్లో ఆయన పేరు పెద్దగా వినిపించదు.

ఒక్క పని చేయండి. ‘దాసి’ ఎక్కడైనా దొరికితే ఫార్వర్డ్ చేయకుండా చూడండి. స్లోగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి. ఆ గడీలో కమలాక్షికి రోజు గడిచింది కూడా అలాగే. చూశాక మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, మన ఊళ్లో గడీ ఉండేదా అని. ఏం చెప్పారో కామెంట్లో రాయండి. మళ్లీ కలుద్దాం.