విటమిన్ సికి విద్యుత్ కొలమానం

రక్తంలో విటమిన్ సి ఎంత ఉందో తెలుసుకోవడానికి 1940లలో రంగే ఆధారం. 1943లో రో, క్యూథర్ ప్రకటించిన పద్ధతిలో ఆ విటమిన్‌ను ముందు ఆక్సీకరించి, డైనైట్రోఫినైల్‌హైడ్రజీన్‌తో చర్య జరిపించి, వచ్చిన రంగు గాఢతను బట్టి లెక్క కట్టేవారు. అంతకుముందు 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు ప్రచురించిన భాస్వరం కొలత కూడా రంగు మీద నడిచిందే. ఇలాంటి పద్ధతుల్లో ఒక చిక్కుంది: అదే రంగును రక్తంలోని వేరే పదార్థాలూ కొంత తెప్పించవచ్చు.

రెండో దారి విద్యుత్ రసాయన శాస్త్రం చూపింది. విటమిన్ సి యాంటీఆక్సిడెంట్‌గా పనిచేయడమంటే తన ఎలక్ట్రాన్లను ఇతర అణువులకు ఇవ్వడమే. తగిన వోల్టేజి ఉంచితే ఆ ఎలక్ట్రాన్లను ఎలక్ట్రోడ్‌కూ ఇస్తుంది. ఒక్కో అణువు రెండేసి ఎలక్ట్రాన్లు ఇస్తుంది కనుక, ప్రవహించిన విద్యుత్తును బట్టి అణువులెన్నో చెప్పవచ్చు. 1922లో ప్రాగ్‌లో హెయ్‌రోవ్‌స్కీ పాదరసపు బిందువులతో, ఇలా విద్యుత్తును బట్టి పదార్థాలను కొలిచే పోలరోగ్రఫీకి నాంది పలికాడు. అమెరికాలో ఆ విద్యకు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కోల్తాఫ్ పెద్దదిక్కయ్యాడు.

అయితే శరీరంలోని విటమిన్ సి విద్యుత్ కొలతల్లోకి మొదట అడ్డంకిగానే ప్రవేశించింది. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ ఆడమ్స్ బృందం మెదడులోని డోపమిన్‌ను కొలవాలని ఎలుక మెదడులో కార్బన్ ఎలక్ట్రోడ్ అమర్చి, 1973లో ఫలితాలు ప్రకటించింది. డోపమిన్‌దనుకున్న సంకేతంలో సింహభాగం ఆస్కార్బేట్‌ది, అంటే విటమిన్ సిదేనని తర్వాత తేలింది. మెదడు కణాల మధ్య ద్రవంలో అది డోపమిన్ కంటే ఎన్నో వేల రెట్లు ఎక్కువ; పైగా రెండూ దాదాపు ఒకే వోల్టేజి దగ్గర ఆక్సీకరణ చెందుతాయి. శరీరపు పీహెచ్ వద్ద ఆస్కార్బేట్‌ది రుణావేశం, డోపమిన్‌ది ధనావేశం. అందుకే 1980లలో ఎలక్ట్రోడ్‌కు నాఫియాన్ అనే రుణావేశపు పూత వేసి, రుణావేశాన్ని దూరంగా ఉంచగలిగారు.

ఆడమ్స్ శిష్యుడు పీటర్ కిసింజర్ మరో మార్గం పట్టాడు. ద్రవ క్రొమటోగ్రఫీ గొట్టంలో అణువులను ముందే వేరు చేసి, చివర ఎలక్ట్రోడ్‌తో లెక్కించే పరికరాన్ని ఆడమ్స్, సహచరులతో కలిసి 1973లో ప్రకటించాడు. ఆహారం, మందులు, శరీర ద్రవాల్లో ఆస్కార్బిక్ ఆమ్లాన్ని, అంటే విటమిన్ సిని, ఇదే పద్ధతిలో కొలవవచ్చని 1976లో పర్డ్యూ విశ్వవిద్యాలయం నుంచి పాక్లా, కిసింజర్ చూపారు. ఒకప్పటి అడ్డంకి ఇప్పుడు లక్ష్యమైంది.

దీని అసలు ఫలం అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో కనిపించింది. మార్క్ లెవీన్ బృందం వాడిన కూలోమెట్రిక్ డిటెక్టర్‌లో ద్రవం సచ్ఛిద్ర గ్రాఫైట్ గుండా సాగుతూ, దాదాపు ప్రతి అణువూ ఎలక్ట్రాన్లు ఇచ్చి వెళుతుంది. ఏడుగురు ఆరోగ్యవంతులను నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచి, రోజుకు 30 నుంచి 2500 మిల్లీగ్రాముల దాకా మోతాదు పెంచుతూ రక్తాన్ని పరీక్షించి, 1996లో ఫలితాలు వెల్లడించారు. 100 మిల్లీగ్రాముల వద్దే కణాలు నిండిపోయాయి. 1000 దగ్గర ప్లాస్మా నిండింది. 500, ఆపైన ఇచ్చిన మోతాదుల్లో గ్రహించిన విటమిన్ చాలావరకు మూత్రంలో పోయింది. అప్పటి రోజువారీ సిఫారసు 60 మిల్లీగ్రాములు; దాన్ని 200కు పెంచాలని వారు కోరారు. 2000లో అమెరికా ఆహార, పోషకాహార మండలి పురుషులకు 90, స్త్రీలకు 75గా నిర్ణయించింది. తెల్ల రక్తకణాలు దాదాపు నిండడం, మూత్రంలో నష్టం తక్కువగా ఉండడం అందుకు ప్రాతిపదికలు.

ఈ కొలతలకు ఒక హద్దు ఉంది. రక్తంలో యాంటీఆక్సిడెంట్ ఎంత ఉందో ఎలక్ట్రోడ్ చెబుతుంది. దానివల్ల ఏ జబ్బు తగ్గుతుందో చెప్పలేదు. ఎక్కువ మింగితే ఎక్కువ మేలు అన్న నమ్మకానికి మాత్రం అది స్పష్టంగానే జవాబిచ్చింది: కణాలు నిండాక మింగినదాంట్లో ఎక్కువ భాగం శరీరం బయటికి పంపేస్తుంది.