గ్రీన్ అంచున ఏ కర్ర? ఒక చిన్న షాట్ తారీఖ్

గోల్ఫ్ అంటే అమీర్ల ఆట అనే ఖయాల్ మన ఇళ్లల్లో గట్టిగా ఉంది. అది పూర్తిగా గలత్ అని కూడా అనలేం. మైదానం ఖరీదు, సామాను ఖరీదు, సభ్యత్వం మరీ ఖరీదు. గోల్కొండ నయా ఖిలా పక్కనుంచి రోజూ వెళ్లే మనవాళ్లలో చాలామంది అక్కడి గోల్ఫ్ పచ్చిక మీద ఒక్కసారి కూడా అడుగు పెట్టి ఉండరు. అయినా ఆ ఆటలో ఒక జాగా ఉంది. అక్కడ దౌలత్ పెద్దగా పనిచేయదు, కండబలం అసలే పనిచేయదు. నజర్, అందాజా, సబర్ మాత్రమే పనిచేస్తాయి. బంతి గ్రీన్ దాకా వచ్చి, గ్రీన్ ఎక్కకుండా అంచున ఆగిపోయిన జాగా అది.

గ్రీన్ అంటే రంధ్రం చుట్టూ గడ్డిని చాలా పొట్టిగా కోసి ఉంచిన సాఫైన నేల. దానికి అయిదారు అడుగులు ఇవతల బంతి ఆగిందనుకోండి. అక్కడినుంచి కొట్టే చిన్న దెబ్బను చిప్ అంటారు. బంతి కొంచెం దూరం గాలిలో ఎగురుతుంది, మిగతా దూరం నేల మీద దొర్లుతుంది. ఎంత ఉడాన్, ఎంత దొర్లుడు అనేది చేతిలో ఉన్న కర్రను బట్టి ఉంటుంది. ఆట కర్రనూ క్లబ్ అంటారు, మైదానం నడిపే సంఘాన్నీ క్లబ్ అంటారు కాబట్టి గందరగోళం లేకుండా నేను ఇక్కడ కర్ర అనే రాస్తాను. కర్ర ముఖం ఎంత వెనక్కి వాలి ఉంటే బంతి అంత పైకి లేస్తుంది, కింద పడ్డాక అంత తొందరగా ఆగుతుంది. ఆ వాలునే లాఫ్ట్ అంటారు. సంచిలో ఇన్ని కర్రలు ఉంటే గ్రీన్ అంచున ఏది తీయాలి? ఈ చిన్న సవాల్ వెనుక నూట డెబ్బై ఏళ్లకు పైబడిన తారీఖ్ ఉంది.

1840ల దాకా స్కాట్లాండ్‌లో ఆడిన బంతి తోలు సంచిలో తడి ఈకలు కూరి కుట్టినది. మంచి కారీగర్ కూడా రోజుకు మూడు నాలుగు బంతులకు మించి చేయలేకపోయేవాడు. ఇనుప కర్ర అంచు తగిలితే తోలు చీలిపోయేది. అంత ఖరీదైన బంతిని చేతులారా ఎవరు చీల్చుకుంటారు? అందుకే గ్రీన్ దగ్గర కూడా చెక్క తల ఉన్న కర్రలే వాడేవారు. బాఫింగ్ స్పూన్ అనే చెక్క కర్రతో బంతిని కాస్త పైకి లేపేవారు. బంతి ఇసుకలోనో బండి చాళ్లలోనో ఇరుక్కుంటేనే ఇనుము బయటికి వచ్చేది.

1848 ప్రాంతంలో గట్టా పర్చా బంతి వచ్చింది. ఆ పేరు మలయ్ భాషది. గెతా అంటే చెట్టునుంచి కారే పాలు, జిగురు. ఎక్కడో ఆగ్నేయాసియా అడవుల్లోని చెట్టు పాలు స్కాట్లాండ్ ఆట మిజాజ్‌నే మార్చేశాయి. కొత్త బంతి సస్తా, గట్టి, ఇనుము తగిలినా చీలదు. పైగా దెబ్బలు తిని గాట్లు పడ్డ బంతి కొత్తదానికంటే సాఫీగా ఎగురుతుందని కూడా ఆటగాళ్లు గమనించారు.

సెయింట్ ఆండ్రూస్‌లో ఆ రోజుల్లో పెద్ద ఉస్తాద్ అలన్ రాబర్ట్‌సన్. ఈక బంతులు చేయడమే ఆయన రోజీ. రోజీకి గండి పడుతుందని కొత్త బంతి మీద కోపం పెంచుకున్నాడు. తన దగ్గర పనిచేసే టామ్ మోరిస్ ఆ బంతితో ఆడాడని ఇద్దరికీ చెడింది, దారులు వేరయ్యాయి. చివరికి జమానా ముందు రాబర్ట్‌సన్ కూడా తలవంచాడు. తలవంచడమే కాదు, క్లీక్ అనే ఇనుప కర్రతో బంతిని గ్రీన్ మీదికి దొర్లించే తరీఖాలో ఆయనే ఆరితేరాడు. 1858లో అక్కడి ఓల్డ్ కోర్స్‌ను 79 దెబ్బల్లో ముగించాడు. అంతకు ముందు 80 లోపు ఎవరూ ముగించలేదు. క్లీక్ ముఖం వాలు తక్కువ. బంతి కాస్త లేచి, పడి, పొడవుగా దొర్లుతుంది. నేటి చిప్‌కు అమ్మ లాంటిది ఆ దెబ్బ.

దారి వేరైన ఆ టామ్ మోరిస్ కొడుకు పేరు కూడా టామ్. 1868లో పదిహేడేళ్లకే ఓపెన్ టోర్నీ గెలిచి, 1869, 1870, 1872లో మళ్లీ గెలిచి, 1875లో ఇరవై నాలుగేళ్లకే ఇంతకాల్ అయిన కుర్రాడు. బండి చాళ్లలోంచి బంతిని తీయడానికి రట్ ఐరన్ అని చిన్న తల, బాగా వాలిన ముఖం ఉన్న కర్ర ఒకటి ఉండేది. అందరూ దాన్ని తక్లీఫ్ వచ్చినప్పుడే తీసేవారు. ఈ కుర్రాడు దాన్ని మంచి గడ్డి మీద, ఇష్టపూర్వకంగా వాడాడు. బంతి ఎత్తుగా ఎగిరి, గ్రీన్ మీద పడి, అక్కడక్కడే ఆగిపోయేది.

మన సంగీతంలో ఘరానాలు ఉన్నట్టే అప్పటినుంచి చిప్‌లోనూ రెండు ఘరానాలు ఏర్పడ్డాయి. ఒకటి దొర్లుడు ఘరానా, రెండోది ఉడాన్ ఘరానా. తరువాతి తారీఖ్ అంతా ఈ రెండింటి ముఖాబలానే.

స్కాట్లాండ్ సముద్ర తీరపు నేల గట్టిది, గాలి జోరుగా వీస్తుంది. అక్కడ బంతిని నేలకు దగ్గరగా ఉంచడమే అక్ల్. అందుకే జిగ్గర్ అని పొట్టి కాడ, తక్కువ వాలు ఉన్న ఒక కర్ర ఈ దొర్లుడు పని కోసమే పుట్టింది. ఆట అమెరికా చేరాక జమీన్ మారింది. నీళ్లు పెట్టిన మెత్తటి గ్రీన్‌లు, చుట్టూ దట్టమైన గడ్డి. 1898లో కోబర్న్ హాస్కెల్ రబ్బరు దారం చుట్టిన బంతి కనిపెట్టాక అది ఇంకా దూరం వెళ్లింది, ఇంకా ఎక్కువ గెంతింది. గెంతే బంతిని ఆపడానికి కర్ర ముఖం మీద గాళ్లు లోతయ్యాయి. 1921లో జాక్ హచిసన్ సెయింట్ ఆండ్రూస్‌లో లోతైన గాళ్ల కర్రలతో ఓపెన్ గెలిచాడు. ఆ తర్వాత అలాంటి కర్రల మీద పాబందీ పడింది. గాళ్ల తగాదా అక్కడితో తీరలేదు. 2010 నుంచి పెద్ద టోర్నీలలో గాళ్ల అంచుల పదునుకు మళ్లీ కొత్త హద్దు పెట్టారు.

ఉడాన్ ఘరానాకు అసలు ఔజార్ ఇచ్చింది జీన్ సరజెన్. 1931లో ఆయన నిబ్లిక్ అనే కర్ర అడుగున సీసం పోసి, అడుగు బోర్డర్ ముందు అంచుకంటే కిందికి దిగేలా మలిచాడు. విమానం లేచేటప్పుడు తోక కిందికి దిగడం చూసి ఈ తర్కీబ్ తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ముందు అంచు ఇసుకలో కూరుకుపోకుండా అడుగు భాగం జారుతూ పోతుంది. మరుసటి ఏడు, 1932లో, ఆ కర్రతోనే ఇంగ్లండ్‌లో ఓపెన్ గెలిచాడు. ఇసుక కోసం పుట్టిన ఆ శాండ్ వెడ్జ్ మెల్లగా గ్రీన్ చుట్టూ ఉన్న గడ్డిలోకి కూడా వచ్చేసింది.

ఇలా ఒక్కో పనికి ఒక్కో కర్ర పుట్టుకొస్తూ పోతే సంచులు బరువెక్కాయి. 1930లలో లాసన్ లిటిల్ లాంటి ఆటగాళ్లు ఇరవైకి పైగా కర్రలు పెట్టుకుని తిరిగారు. ఆ బరువు మోసేది ఎవరు? క్యాడీ. చివరికి అమెరికాలో 1938లో, బ్రిటన్‌లో 1939లో సంచిలో 14 కర్రలకు మించకూడదనే ఖానూన్ వచ్చింది. నా నజర్‌లో చిప్ తారీఖ్‌లో ఇదే పెద్ద మలుపు. అంతవరకూ కొత్త కష్టానికి కొత్త కర్ర జవాబు. ఇక ఉన్న 14లోంచే ఫైసలా చేయాలి. ఔజార్ చేసే పనిలో కొంత హునర్ మళ్లీ చేయవలసి వచ్చింది.

సరిగ్గా అదే 1938లో ఒక తమాషా జరిగింది. అమెరికా పీజీఏ ఫైనల్‌లో సామ్ స్నీడ్ ఎదుట పాల్ రన్యన్ నిలబడ్డాడు. స్నీడ్ జవాన్, బలవంతుడు, బంతిని చాలా దూరం కొడతాడు. రన్యన్ చిన్న మనిషి, ప్రతి రంధ్రానికీ స్నీడ్ బంతికంటే వెనకనుంచే ఆడవలసినవాడు. ఫలితం? రన్యన్ ఎనిమిది రంధ్రాల ఆధిక్యంతో, ఇంకా ఏడు మిగిలి ఉండగానే మ్యాచ్ ముగించాడు. ఆయన దౌలత్ అంతా గ్రీన్ చుట్టుపక్కలే ఉంది. చిప్‌ను ఊపి కొట్టేవాడు కాదు. మణికట్టు కదలకుండా, గ్రీన్ మీద బంతిని తోసినట్టే తోసేవాడు. ఉడాన్‌కు ఎంత లాఫ్ట్ జరూరో అంతే వాడేవాడు.

ఆ ఘరానా ఉస్తాదులు షాగిర్దులకు ఒక హిసాబ్ నేర్పుతారు. బంతి గ్రీన్ మీద ఎక్కడ పడాలో ముందు నిశ్చయించుకో. అంచు దాటి ఒక అడుగు లోపల అయితే మేలు. అక్కడిదాకా ఉడాన్ ఒక వంతు అనుకో. అక్కడినుంచి రంధ్రం దాకా దొర్లుడు ఎన్ని వంతులో లెక్కపెట్టు. ఆ అంకెను 12లోంచి తీసేయి. మిగిలిందే కర్ర నంబర్. దొర్లుడు నాలుగు వంతులైతే 8 నంబర్ ఐరన్. ఆరు వంతులైతే 6 నంబర్. రెండే వంతులైతే 10, అంటే పిచింగ్ వెడ్జ్. ఒకే వంతైతే 11, అంటే శాండ్ వెడ్జ్. ఇది సమతల నేలకు, మామూలు వేగం ఉన్న గ్రీన్‌కు. ఎగుడు అయితే ఒక నంబర్ తక్కువ లాఫ్ట్, దిగుడు అయితే ఒక నంబర్ ఎక్కువ. ఈ రోజుల్లో కంపెనీలు అదే నంబర్ కర్రకు పాతకాలంకంటే తక్కువ లాఫ్ట్ ఇస్తున్నాయి కాబట్టి ఎవరి కర్రతో వారు మష్క్ చేసి హిసాబ్ సరిచూసుకోవాలి.

మరి ఉడాన్ ఘరానా గలతా? కాదు. 1982 యూఎస్ ఓపెన్ చివరి రోజు, పెబుల్ బీచ్ 17వ రంధ్రం. టామ్ వాట్సన్ బంతి గ్రీన్ పక్క దట్టమైన గడ్డిలో పడింది. రంధ్రం దగ్గర్లోనే ఉంది, గ్రీన్ గాజులా జారుతోంది, దొర్లించడానికి జాగా లేదు. అక్కడ 7 నంబర్ ఐరన్ తీస్తే పని ఖరాబ్. వాట్సన్ శాండ్ వెడ్జ్ తీశాడు. బంతి మెత్తగా లేచి, పడి, రంధ్రంలోకి వెళ్లిపోయింది. జాక్ నిక్లాస్‌ను దాటి ఆయన టైటిల్ గెలిచాడు. అంతకు ఆరేళ్ల ముందు, 1976లో, బర్క్‌డేల్ చివరి గ్రీన్ దగ్గర పంతొమ్మిదేళ్ల సెవే బాలెస్టెరోస్ దీనికి పూర్తి ఉల్టా చేశాడు. రెండు ఇసుక గుంతల మధ్య సన్నటి దారి ఉంది. గుంతల మీదుగా ఎగరేయకుండా ఆ దారి వెంటే బంతిని దొర్లించి రంధ్రం దగ్గరికి చేర్చాడు. రెండు ఘరానాలూ సచ్చాయే. అక్కడి జమీన్ ఏం అడిగిందో అదే ఇద్దరూ ఇచ్చారు.

ఆ సెవే కథలో మనకు పనికొచ్చే మాట ఇంకోటి ఉంది. స్పెయిన్‌లో పెద్రెన్యా అనే ఊరి రైతు ఇంటి పిల్లవాడు. చేతికి దొరికింది ఒకే ఒక 3 నంబర్ ఐరన్. ఆ ఒక్క కర్రతో సముద్రపు ఇసుక మీద ఆడాడు. లాఫ్ట్ తక్కువ ఉన్న ఆ కర్రతో బంతిని పైకి లేపడానికి ముఖాన్ని తెరిచి, మణికట్టు తిప్పి, రకరకాల తర్కీబులు పట్టాడు. కర్రలు పెరిగాక ఆ హునర్ పోలేదు.

మన దేశంలోనూ ఈ తారీఖ్ ఉంది. బ్రిటిష్ దీవుల బయట అన్నిటికంటే పాత గోల్ఫ్ క్లబ్ 1829లో కలకత్తాలో పెట్టినదే. నూరేళ్లకు పైగా అక్కడ మనవాళ్లు ఎక్కువగా సంచులు మోశారు, గడ్డి కోశారు. అలా క్యాడీగా ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఆట నేర్చిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. భారతీయ ప్రొఫెషనల్ ఒకరు ఆ టైటిల్ గెలవడం అదే మొదలు. 1993లో మళ్లీ గెలిచాడు. కలకత్తా క్లబ్‌లో గడ్డి చూసుకునే మనిషి కొడుకు ఎస్‌ఎస్‌పీ చౌరసియా 2016, 2017లో వరుసగా అదే టైటిల్ గెలిచాడు. బంతిని మరీ దూరం కొట్టేవాడు కాదు. గ్రీన్ చుట్టూ ఆయన కమాల్ చూసి తోటివాళ్లు ఆయన ఇంటిపేరునే మార్చి ‘చిప్-పుట్-సియా’ అని పిలిచారు.

1980ల నుంచి 60 డిగ్రీల లాబ్ వెడ్జ్ ఫ్యాషన్ అయ్యాక కొత్తగా నేర్చేవాళ్లు గ్రీన్ అంచున చేయి చాచితే అదే చేతికొస్తోంది. టీవీలో చూసే ఎత్తైన షాట్ అందంగా ఉంటుంది, గలతీకి మాత్రం మాఫీ ఇవ్వదు. కర్ర కాస్త ముందు తగిలితే బంతి అక్కడే చచ్చుబడుతుంది, కాస్త పైన తగిలితే గ్రీన్ దాటి పారిపోతుంది. మీ ఇంట్లో బేటా, బేటీ ఎవరైనా ఈ ఆట నేర్చుకుంటూ ఉంటే నాలుగు వెడ్జ్‌ల ఖరీదైన సెట్ కొనే ముందు, ఉన్న 8 నంబర్ ఐరన్‌తో నెల రోజులు మష్క్ చేయించండి. బంతి దగ్గరికి వెళ్లి ముందు నేలను చూడమనండి. గడ్డి దట్టమా, పల్చనా? రంధ్రం దూరమా, దగ్గరా? జాగా ఉంటే దొర్లించాలి, లేకపోతేనే ఎగరేయాలి. సంచిలోకి చేయి వెళ్లేది ఆ తరువాతే.