రూపాయి బిళ్ల మింగిన భూతాల ఆట

చరిత్ర వ్యాసం అంటే రాజులు, యుద్ధాలు అనుకుంటాం. నేను రాసేది కూడా ఒక వీరుడి గురించే. కాకపోతే ఈ వీరుడు వీడియో గేమ్ పెట్టెలో పుట్టాడు. వాడి గురించి నాకు మొదట చెప్పింది మా నాయన.

1990 ప్రాంతంలో నాయన హిందూపురంలో ఏడో తరగతి. బస్టాండు దగ్గర ఒక చిన్న గదిలో గేమ్ పెట్టెలు ఉండేవంట. రూపాయి బిళ్ల వేస్తే ఆట మొదలు. ఒక ఆటలో ఇనుప కవచం తొడుక్కున్న మనిషి శ్మశానంలో పరుగెత్తుతూ ఈటెలు విసిరేవాడు. నేలలోంచి శవాలు లేచి మీదికొస్తాయి. ఒక దెబ్బ తగిలితే కవచం ఊడిపోయి చెడ్డీతో మిగులుతాడు. ఇంకో దెబ్బకు ఎముకల గూడు! ఉన్న ప్రాణాలన్నీ అయిపోతే రూపాయి గోవిందా. ఆట పేరు వాళ్లకు తెలీదు, "చెడ్డీ వీరుడు" అనేవాళ్లంట.

అసలు పేరు గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్. జపాన్‌లోని కాప్‌కామ్ కంపెనీ 1985లో తెచ్చింది. జపాన్ పేరు మకైమురా, అంటే రాక్షసలోకపు ఊరు. రూపకర్త టొకురో ఫుజివారా. తర్వాత 1996లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ అనే భయపెట్టే ఆటకు నిర్మాత కూడా ఆయనే. మకైమురాలో వీరుడి పేరు ఆర్థర్. రాకుమారిని సైతాను ఎత్తుకుపోతాడు, ఇతను వెతుక్కుంటూ పోతాడు. ఈ కథ మనకు కొత్తేం కాదు, 1951లోనే పాతాళభైరవి చూసినవాళ్లం. కానీ తోటరాముడికి తోడుగా అంజిగాడు ఉన్నాడు. ఆర్థర్‌కు ఎవరూ లేరు.

ఆట చాలా కష్టం. ఒకసారి ఎగిరితే గాలిలో దారి మార్చుకోలేం. రెక్కల ఎర్ర భూతం మనం ఎటు పోతే అటు వస్తుంది. పైగా గడియారం తరుముతూ ఉంటుంది. ఎందుకింత కష్టం? ఆడేవాడు త్వరగా ఓడితేనే పెట్టెలో ఇంకో బిళ్ల పడుతుంది. మరీ త్వరగా ఓడితే మళ్లీ రాడు. ఆ చెడ్డీలోనే కిటుకు ఉందని నాకనిపిస్తుంది. ఓడిపోతున్నా నవ్వొస్తుంది, నవ్వు రాగానే చెయ్యి జేబులోకి పోతుంది.

నాయన చెయ్యి అలాగే పోయింది. ఒకరోజు కిరసనాయిలుకు అవ్వ ఇచ్చిన డబ్బులన్నీ ఆ పెట్టెలో పోశాడు. ఆ రాత్రి ఇంట్లో దీపం లేదు. అవ్వ కొట్టలేదు, రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత నాయన ఆ గదికి పోలేదు. కానీ "ఇంకో నాలుగు రూపాయలుంటే రాకుమారిని చూసేవాణ్ణి" అని ఇప్పటికీ అంటుంటాడు.

నాయన ఇప్పుడు కుందలహళ్ళి అపార్టుమెంట్లలో పెయింటింగ్ పని చేస్తాడు. మొన్న మెట్రో స్టేషను కింద నడిచొస్తూ నేను చదివింది చెప్పాను. ఆఖరి రాక్షసుణ్ణి చంపినా రాకుమారి దొరకదు. ఇదంతా సైతాను పన్నిన మాయ అని తెరమీద అక్షరాలు వస్తాయి. మళ్లీ మొదటి శ్మశానం నుంచి, ముందుకన్నా కష్టంగా, మొత్తం ఆడాలి. రెండోసారి గెలిస్తేనే అసలు ముగింపు.

నాయన నడిచేవాడల్లా ఆగిపోయాడు.

"మళ్లీ మొదట్నుంచా?"

"అవును నాయనా."

సిగ్నల్ పడి బండ్లన్నీ కదిలేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు.

"మీ అవ్వకు మాత్రం చెప్పాకమ్మీ. ఇప్పుడు కొడుతుంది."