కొండ దిగిన క్యూ

తిరుమల చరిత్ర అనగానే పల్లవ రాణి సామవాయి కానుకలో, కృష్ణదేవరాయల దానశాసనాలో గుర్తొస్తాయి. భక్తుడు ఎక్కడ నిలబడి ఎదురుచూశాడన్న ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే ఇంకో చరిత్ర బయటపడుతుంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా నడిచో డోలీలోనో కొండెక్కాల్సిందే. కష్టమంతా దారిలోనే తీరిపోయేది. 1974లో రెండో రోడ్డూ వచ్చింది. దారి సులువైన కొద్దీ నిరీక్షణ పోయి పైన పేరుకుంది, దానికోసం వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కట్టాల్సి వచ్చింది. కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని, గేటు చప్పుడైతే ఒక్కసారిగా లేవడం రెండు మూడు తరాలకు అలవాటే. తర్వాత సుదర్శనం కంకణం వచ్చింది: దర్శనం వేళ ముద్రించిన పట్టీ చేతికి కడితే, వేళయ్యేదాకా మనిషి ఎక్కడైనా తిరిగే వీలుండేది. ఇప్పుడు 300 రూపాయల దర్శనం టికెట్ కోసం నెలనెలా కోటా విడుదలయ్యే రోజున జనం ఎవరి ఇంట్లో వాళ్లు ఫోన్ ముందు కూర్చుంటున్నారు. క్యూ కొండ దిగి చిత్తూరు, కుప్పం మీదుగా ఊరూరా పాకింది. దీన్ని కంప్యూటర్ల ఘనతగా చెప్పేస్తుంటారు గానీ, కౌంటర్ వెనక కంప్యూటర్ ఉన్నంత మాత్రాన కౌంటర్ ముందు క్యూ తగ్గదు. కౌంటర్ గుమాస్తా చేసే పనిలో కొంత భక్తుడి చేతికే రావాలి. ఆ పని తెచ్చిపెట్టింది బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ అని నా వాదన.

ఈ భాష పుట్టుక అంత గొప్పగా ఏమీ జరగలేదు. 1995 మే నెలలో బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ 10 రోజుల్లో తొలిరూపం తయారుచేశాడు. పేరు మొదట మోకా, ఆపైన లైవ్‌స్క్రిప్ట్, డిసెంబరుకల్లా జావాస్క్రిప్ట్ అయింది. జావా అనే మరో భాషతో చుట్టరికం పేరులోనే. అప్పట్లో జావాకున్న గిరాకీ కొంత ఇటూ కలిసొస్తుందని పెట్టిన పేరు. అప్పటి సమస్య చిన్నదే. ఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్‌లో ఫారం నింపి పంపితే, ఒక గడి ఖాళీగా ఉందన్న కబురు సర్వర్ దాకా వెళ్లి రావాలి. ఆ తప్పు ఇక్కడే, బ్రౌజర్‌లోనే పట్టుకుంటే ప్రయాణం తప్పుతుంది. టికెట్ ఫారంలో నింపే ఆధార్ సంఖ్యనే చూడండి. చివరి అంకె మిగతా పదకొండింటిని లెక్కకట్టి వేసేది. పక్కపక్క అంకెలు తారుమారైతే ఆ లెక్క కుదరదు. ఎవరినీ అడగకుండా, బ్రౌజరే ఆ లెక్క చేసి తప్పని చెప్పగలదు. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక, పేజీ మొత్తం మళ్లీ తెప్పించుకోకుండా కావలసిన ముక్కే మార్చుకోవచ్చని అందరికీ తెలిసింది. టికెట్ల క్యాలెండర్‌లో నెల మార్చగానే తేదీల రంగులు మారిపోవడం ఆ పద్ధతే. అంతెందుకు, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చూపించే ‘లేఖిని’ కూడా బ్రౌజర్‌లోనే పనిచేసుకుంటుంది. ఆ రోజుల్లో తెలుగు బ్లాగర్లకు అదే కలం.

టికెట్ ఉందో లేదో తేల్చేది సర్వరే కదా, గుమ్మం దగ్గర బ్రౌజర్ చేసే పనికి ఇంత గొప్పేమిటని అడగొచ్చు. నిజమే, తేల్చేది సర్వరే. బ్రౌజర్‌లో నడిచే కోడ్‌ను వాడేవాడు మార్చుకోగలడు కాబట్టి ఇక్కడ సరిచూసిన ప్రతి గడినీ అక్కడ మళ్లీ చూడాలి. కొండ కింద అలిపిరిలో తనిఖీ అయినా వైకుంఠం దగ్గర మళ్లీ తనిఖీ చేయరూ? అయినా అలిపిరి తనిఖీని ఎవరూ దండగ అనలేదు, ఆ రద్దీ అంతా గుడి ముంగిట పడకుండా ఆపేది అదే. ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది. నిరీక్షణ తగ్గలేదు, ఫోనూ సిగ్నలూ లేనివాడి నెత్తిన పడింది అంటారు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 10 గంటలకు తెరుచుకునే కోటాలో వేలి వేగానికి ఉన్న విలువ అలిపిరి మెట్ల మీద లేదు. కాకపోతే దేవస్థానం పాత క్యూను పూర్తిగా ఎత్తేయలేదు. తిరుపతి రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసంలో, బస్టాండు దగ్గర శ్రీనివాసంలో, అలిపిరి భూదేవి కాంప్లెక్స్‌లో సర్వదర్శనం టోకెన్లు ఇస్తూనే ఉన్నారు. అక్కడ ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని, సంచి కాళ్ల మధ్య పెట్టుకుని, తెల్లవారకముందే వరసలో నిలబడాలి.